నాసిక్ తీర్థం

నాసిక్ పోయొచ్చానని తెలియగానే మా చిన్నాయన అడిగిన మొదటి మాట, "తీర్థం తెచ్చినవా?" అని. త్ర్యంబకంలోని కుశావర్తం నీళ్ల గురించి అడిగాడా, మరో తీర్థం గురించి అడిగాడా అన్నది ఆ నవ్వులోనే తెలిసిపోయింది. రెండూ తెచ్చాను. మొదటిది చిన్నమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది.

ప్రయాణం నిజానికి మా అత్తగారిది. బావమరిదికి సంబంధం కుదరడం లేదు, జాతకంలో కాలసర్ప దోషం ఉంది, త్ర్యంబకంలో శాంతి చేయిస్తే తీరుతుంది అని ఎవరో చెప్పారు. ఫిబ్రవరిలో ఒక శనివారం నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి నాసిక్ రోడ్‌లో దిగాం. పూజ సోమవారం. పీట మీద కూర్చోవాల్సింది బావమరిది, కళ్లు ఒత్తుకోవాల్సింది అత్తగారు, సామాన్లు చూసుకోవాల్సింది మా ఆవిడ. నాతో ఎవరికీ పని లేదు. అల్లుడికి ఇంతకన్నా మంచి రోజులు రావు.

త్ర్యంబకం కొండల్లో పుట్టిన గోదావరి నాసిక్ ఊళ్లోకి రాకముందే గంగాపూర్ దగ్గర ఒక మట్టికట్ట ఆనకట్టకు ఆగుతుంది. ఆ నీళ్ల చుట్టుపక్కలే ద్రాక్షతోటలు. మా ఊరు కందకుర్తి పక్కన. గోదావరి తెలంగాణలో అడుగుపెట్టేది అక్కడే. చిన్నప్పటి నుంచి ఈత కొట్టిన నీళ్లే ఇక్కడ ముందుగా ద్రాక్షతీగల వేళ్లు తడిపి మా దాకా వస్తున్నాయన్న సంగతి నలభై ఏళ్లు దాటాక తెలిసింది.

ఆదివారం ఒక పెద్ద వైనరీకి వెళ్లాను. పేరెందుకు గానీ, జాతర. టికెట్టు కొంటే ఐదు రకాలు రుచి చూపిస్తారు. రకానికి రెండు గుక్కలు. ఒక కుర్రాడు అప్పజెప్పినట్టు చెప్పుకుపోతున్నాడు. ఇందులో క్యాప్సికం, అందులో జామపండు, ఇంకోదాంట్లో తడిసిన రాయి వాసన వస్తుందట, ఎర్రదాంట్లో మిరియాలట. పక్కనున్న జంట గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని ఫొటో దిగారు. నేను మిరియాల కోసం వెతికి వెతికి, ఇదంతా వ్యాపారం మాటలు అనుకుని బయటపడ్డాను.

అక్కడ తప్పు నాదే అని తర్వాత తెలిసింది. ఎర్ర వైన్ చేసే షిరాజ్ ద్రాక్ష తొక్కలో రొటండోన్ అనే పదార్థం ఉంటుంది. మిరియానికి ఆ వాసన ఇచ్చేదీ అదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో దాన్ని పట్టుకున్నారు. సోవిన్యోన్ బ్లాంక్‌లో క్యాప్సికం వాసనా ఊహ కాదు, రెండింట్లోనూ ఒకే జాతి రసాయనాలు. తడిసిన రాయి సంగతి మాత్రం ఇప్పటికీ నమ్మను.

సోమవారం వెళ్లింది చిన్నచోటికి. ఆనకట్ట నీళ్లు కనిపించేంత దగ్గర. ఒక రేకుల షెడ్డు, వెనక పదిహేను ఎకరాల తోట. యజమానే రైతు, ఆయనే వైన్ చేసేవాడు. టేస్టింగ్ గది లాంటిదేమీ లేదు. "పొద్దున కోత నడుస్తోంది, ముందు తోటలోకి రండి సర్" అన్నాడు హిందీలో. రెండు నిమిషాల్లో నేను ఆయనను "భావూ" అనడం మొదలుపెట్టాను. మరాఠీలో అన్నా అని. అక్కడ అందరూ అందరినీ అలాగే అంటారు.

ద్రాక్షతోట అనగానే నాకు పందిరి గుర్తొస్తుంది. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట దారిలో అనాబ్‌షాహీ పందిళ్లు ఉండేవి, వాటి కింద వంగి నడిచేవాళ్లం. ఇప్పుడక్కడ వెంచర్ల బోర్డులున్నాయి. ఇక్కడ పందిరి లేదు. నడుమెత్తు ఇనుప తీగలు, వాటి మీద వరసగా కట్టిన కొమ్మలు, మోకాళ్లెత్తున వేలాడే గుత్తులు. పండు బఠాణీ గింజంత. తొక్క మందం, లోపల గింజలు. భావు ఒక నల్లపండు తెంపి నా అరచేతిలో పిండాడు. రసం తెల్లగా ఉంది. "రంగంతా తొక్కలోనే. తొక్కతో నానబెడితే రెడ్, తొక్క తీసేస్తే నల్లద్రాక్షతో కూడా వైట్ చేయొచ్చు" అన్నాడు. ఇంకో చుక్కను జేబులోంచి తీసిన చిన్న దుర్భిణి లాంటి గొట్టం మీద వేసి సూర్యుడి వైపు పెట్టి చూడమన్నాడు. నీలం, తెలుపు కలిసిన గీత 23 దగ్గర ఉంది. నూరు గ్రాముల రసంలో సుమారు 23 గ్రాముల చక్కెర అన్నమాట. తినే ద్రాక్షను ఇంత తీపెక్కేదాకా ఉంచరు.

యూరప్‌లో తీగ చలికాలమంతా నిద్రపోతుంది, సెప్టెంబరు, అక్టోబరులో కోత. నాసిక్ తీగకు నిద్ర లేదు. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి మొండిగా నరికి కొత్త కొమ్మలు తెప్పిస్తారు. వానలు వెళ్లాక అక్టోబరు ప్రాంతంలో మళ్లీ కత్తిరిస్తే ఆ కొమ్మలే కాయ పడతాయి. నరకడం రెండుసార్లు, పంట ఒక్కసారి. సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు కాబట్టి శీతాకాలం పగలు ఎండ, రాత్రి చలి. పండులో తీపీ పులుపూ రెండూ నిలబడతాయి. ఇదంతా చెబుతూ భావు మధ్యమధ్యలో ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. ఫిబ్రవరిలో వడగళ్లు పడితే ఏడాది కష్టం అరగంటలో పోతుందట. నిన్నటి కుర్రాడి నోట ఒక్కసారి కూడా రాని వాన, ఈయన నోట గంటలో పదిసార్లు వచ్చింది.

షెడ్డులోకి వెళ్లగానే వాసన. ఆ వాసన నాకు తెలుసు. ఎక్కడిదో గుర్తు రావడానికి కొంచెం సేపు పట్టింది. భావు ఒక స్టీలు ట్యాంకు పక్కనున్న చిన్న కుళాయి తిప్పి గ్లాసులో పట్టాడు. నాలుగు రోజుల కిందట పిండిన చెనిన్ బ్లాంక్ రసం, ఇంకా పులుస్తోంది. మజ్జిగలా తెల్లగా, మసకగా, బుడగలు పైకి తేలుతూ. నోట్లో పోసుకున్నాను. తీపి, వెనకే పులుపు, నాలుక మీద చిటపట.

"ఇది మా కల్లు" అన్నాను తెలుగులోనే.

అచ్చం పొద్దుటి ఈతకల్లు. మా ఊళ్లో గౌడ్ మామ చెట్టు దిగుతుంటే మేం కింద నిలబడేవాళ్లం. లొట్టి వంచి మోదుగాకు దొప్పలో పోసేవాడు. "ఇది కాలువ ఒడ్డు చెట్టుది, తియ్యగుంటది. గా మెరక మీది దానికి జర ఘాటెక్కువ" అని చెప్పి మరీ పోసేవాడు. ఏ చెట్టు, ఏ పూట, నిన్న వాన పడిందా లేదా, అన్నీ ఆయన నోట వినకుండా తాగింది లేదు. వైన్ లోకంలో దీనికి టెర్వా అని ఫ్రెంచి పేరుంది. నేల, గాలి, నీరు రుచిలో తెలియడం అని అర్థం. వాళ్లు తోటను మడులుగా విడదీసి ఈ మడి వైన్, ఆ మడి వైన్ అని సీసా మీద అచ్చు వేసుకుంటారు. గౌడ్ మామ లెక్క చెట్టుకు ఒకటి. సీసా లేదు కాబట్టి పేరు రాలేదు.

తేడా ఉంది, దాన్ని దాచిపెట్టను. లొట్టిలో ఉండే ఈస్టు గాలిలోంచి, చెట్టు మీంచి వచ్చి చేరేది. అదుపు లేదు, సాయంత్రానికి పులిసి, మర్నాటికి పనికిరాదు. భావు ఈస్టు ప్యాకెట్‌లో వస్తుంది. పులిసేటప్పుడు పుట్టే వేడికి వాసనలు ఎగిరిపోకుండా ట్యాంకు చుట్టూ చల్లటి నీళ్లు తిప్పి 15 డిగ్రీల దగ్గర ఆపుతాడు. ఆ ట్యాంకు ఒళ్లంతా చెమట పట్టినట్టు నీటిబొట్లు. తర్వాత గాలి తగలకుండా చూసి, కాస్త సల్ఫైట్ వేస్తాడు. కల్లును నిలబెట్టడం మనకు తెలియలేదు, వాళ్లకు ద్రాక్షరసాన్ని నిలబెట్టడం తెలిసింది. ఉన్న తేడా అంతే.

చివరకు ఎర్రది. 225 లీటర్ల ఓక్ పీపాలోంచి పొడుగాటి గాజుగొట్టంతో తీశాడు. ఆ గొట్టాన్ని ఈ పనిలో దొంగ అంటారట. పీపా ఖరీదు కూడా చెప్పాడు, విని మళ్లీ పీపాకు ఆనుకోలేదు. గుక్క మింగాక నాలుక, చిగుళ్లు బిగుసుకుపోయాయి. దీన్ని ఏమనాలో తెలుగులో తెలుసు, హిందీలో తోచలేదు. నేరేడు పళ్లు ఎక్కువ తిన్నట్టు అని చెబితే ఆయన ముఖం వెలిగింది. "తురట్!" అన్నాడు. మరాఠీలో వగరుకు అదే మాట. ఆ తర్వాత మా ఇద్దరి సంభాషణకు ఇంకో మాట అవసరం పడలేదు. ఈ పీపా ఎక్కువ తురట్, ఆ పీపా తక్కువ తురట్, ఇంకో ఏడాదికి తగ్గుతుంది. ట్యానిన్ అన్న మాట తోళ్లు ఊనే పనిలోంచి వచ్చిందే. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు ఊనేవారు. ఆ చెక్కలోదీ, నేరేడులోదీ, ఈ గ్లాసులోదీ ఒకే జాతి వగరు. జామపండు, తడిసిన రాయి అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

భావు రుచి చూసిన ప్రతిసారీ నేలమీది కాలువలోకి ఒడుపుగా ఉమ్మేస్తున్నాడు. నలభై ట్యాంకులు, పీపాలు చూడాల్సినవాడు మింగితే సాయంత్రం లెక్కలు రాయలేడు. నావల్ల కాలేదు. నోట్లో పోసుకున్నది నలుగురి ముందు ఉమ్మడమంటే మా ఇంట్లో వీపు వాచేది.

నాసిక్‌లో వైన్‌కు బాట వేసింది రాజీవ్ సామంత్. కాలిఫోర్నియాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలి వచ్చి 1999లో సులా వైనరీ పెట్టాడు. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష పాలసీ తెచ్చాక చాలామంది రైతులు వైన్ ద్రాక్ష వేశారు. భావు కూడా అప్పుడే తినే థాంప్సన్ తీసేసి ఇది నాటాడు. 2008, 2009లో అమ్మకాలు పడిపోయాయి, కొనేవాళ్లు లేక ఎంతోమంది తోటలు పీకేశారు. పీకడానికి కూలి డబ్బుల్లేక తన తోట మిగిలిందని నవ్వుతూ చెప్పాడు. అప్పుడు అమ్ముడుపోని పండుతోనే సొంతంగా వైన్ చేయడం మొదలుపెట్టాడు. మన తెలుగువాళ్లూ ఈ పనిలో ఉన్నారని చెప్పాను. హైదరాబాద్‌లో మందుల కంపెనీ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల్లో తోట వేసి, ఇద్దరి పేర్లూ కలిపి క్రస్మా అని పెట్టుకున్నారు. భావుకు ముందే తెలుసు. "వాళ్ల క్యాబర్నే బాగుంటుంది" అన్నాడు. సాటి పనివాడి మెప్పు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రెండు సీసాలు కొన్నాను. సీసాకు కిలో పైన పండు పడుతుందని ముందే విన్నాను కాబట్టి బేరమాడలేదు. ఒకటి చిన్నాయనతో కలిసి తీశాం. మిరియాలు, రొటండోన్, అన్నీ చెప్పాను. ఆయన ఒక గుక్క తాగి, కాసేపు నాలుక చప్పరించి, "వగరున్నది" అన్నాడు. గ్లాసు మళ్లీ ముందుకు జరిపాడు.

రెండో సీసా బావమరిది పెళ్లికని దాచాం. ఐదేళ్లలోపు తాగేయమని భావు చెప్పాడు. సంబంధం ఇంకా కుదరలేదు.