కార్బైడ్ కాయలూ, టైప్ కాస్టింగూ

మాది చాట్రాయి. మామిడి తోటల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి, స్కాలా కోడ్‌లో 'యాజ్‌ఇన్‌స్టెన్స్‌ఆఫ్' కనబడితే కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయే గుర్తొస్తుంది. పైన పసుపు, లోపల పులుపు! కాస్ట్ చేస్తే ఆబ్జెక్ట్ మారదండీ, కంపైలర్ నోరు మూతపడుతుంది, అంతే.

లిస్టులతో ఇంకా ప్రమాదం. జేవీఎమ్ మీద జెనెరిక్ టైపులు రన్‌టైమ్‌కి చెరిగిపోతాయి. అంకెల లిస్టుని స్ట్రింగుల లిస్టుగా కాస్ట్ చేస్తే అక్కడేమీ అవదు. తర్వాతెప్పుడో, ఇంకెవరో అందులోంచి ఒకటి తీస్తే పేలుతుంది. బంగినపల్లి అని చీటీ అంటించిన పెట్టెలో కలెక్టరు కాయలున్నట్టు... ఢిల్లీలో విప్పాకే తెలుస్తుంది. తిట్లు మాత్రం అక్కడి కొట్టువాడికి!

మరేం చెయ్యాలి? చీటీ కాదు, కాయని చూడాలి. అదే ప్యాటర్న్ మ్యాచింగ్. రకాలన్నీ ఒక సీల్డ్ ట్రెయిట్ కింద పెడితే, రసాల కేసు వదిలేశారని కంపైలరే హెచ్చరిస్తుంది. లిస్టయితే మొత్తాన్ని ఒకేసారి మ్యాచ్ చేసినా లాభం లేదు, అక్కడా టైపు చెరిగిపోయే ఉంటుంది. 'కలెక్ట్'తో ఒక్కొక్కటీ చూసి ఏరుకోవాలి. దొరక్కపోవచ్చు అనుకుంటే 'ఆప్షన్' తిరిగివ్వండి.

నాలుగు లైన్లు ఎక్కువే, ఒప్పుకుంటా. కానీ కాస్ట్ రాసేవాడొకడు, అర్ధరాత్రి ఫోనెత్తేవాడొకడు. ఆ రెండోవాడి కోసమైనా రాయాలి కదా!