అతుకు

కంటికి కనిపించే సొగసు వేరు, కంటికి కనిపించని పట్టు వేరు. కొండపల్లి బొమ్మను చేతిలోకి తీసుకొన్నవారు దాని రంగులను చూచి మురిసిపోతారు. కాని ఆ బొమ్మ ఒక్క ముక్కతో చేసినది కాదు. తేలికైన తెల్ల పొణికి కర్రను సన్నని సెగపై ఆరబెట్టి, అవయవాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. బొమ్మ చేయి భుజాన నిలిచేది ఆ మక్కు బలం మీదనే. రంగు పూసిన తరువాత అతుకు ఎవరికీ కనిపించదు. నేలపై నిలిచే బొమ్మకే ఇంత పట్టు కావలసి ఉండగా, గాలిలో ఎగిరే బొమ్మకు ఎంత కావాలి? విజయవాడకు చెందిన ఒక యువకునికి ఈ ప్రశ్న ఒక పతనంతో ఎదురైంది.

ఇంజనీరింగు చదువుతున్న ఆ యువకుడు రెండేళ్లపాటు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో రేడియో తరంగాలతో నడిచే నమూనా విమానాన్ని కొన్నాడు. అది ముందే తయారుచేసి అమ్మే రకం. రెక్కలు, తోక బిగించి బ్యాటరీ అమర్చితే చాలు. లోపల బాల్సా కర్ర, పలుచని ప్లైవుడ్డు. పైన మిలమిలలాడే ఎర్రని ప్లాస్టిక్కు పొర. సంక్రాంతి వెళ్లిన తరువాత కంకిపాడు దాపున, కోత ముగిసి మినుము చల్లక వదలిన ఒక మడిలో దానిని ఎగరవేశాడు. గట్టు మీద పిల్లలు చేరి చప్పట్లు కొట్టారు. మూడవసారి దిగేటప్పుడు చక్రాలు వరి దుబ్బులకు తగిలి, తమను బిగించిన పలకతో సహా ఊడివచ్చాయి. ముక్కు నేలకు గుద్దుకొన్నది.

ఆ సాయంత్రం అతడు విరిగిన విమానాన్ని పొరుగున ఉండే వృద్ధ వడ్రంగి ముందు పెట్టాడు.

“తాతగారూ, ఫెవిక్విక్ వేస్తే నిమిషంలో అతుక్కుంటుంది కదా!”

“అతుక్కుంటుంది బాబూ. మళ్లీ అదే చోట ఊడుతుంది. ఎక్కడ ఊడిందో నీకు తెలిసింది, ఎందుకు ఊడిందో ముందు చూడు.”

ఎర్రని పొరను ఒలిచి చూడగా ఎక్కడా కర్ర విరగలేదు. అతుకే విడిపోయింది. పలకకు చుక్కలు చుక్కలుగా అంటిన జిగురు ఎండి నిలిచి ఉంది. అది ఆనవలసిన గోడ మాత్రం నున్నగా, కొత్తగా ఉంది. దిగేటప్పుడు చక్రాలకు తగిలే అదురంతా పలకకు, పలక నుండి పక్క గోడలకు పోవాలి. మధ్యలో ఉన్న ఆ సన్నని అంచు అంత అదురును మోయలేకపోయింది.

వృద్ధుడు పాత జిగురును ఉప్పుకాగితంతో గీయించాడు. కర్ర గరుకుదేరిన తరువాత అరల్డైట్ పూయించి, లోపలి మూలలలో మూడంచుల పుల్లలను ఆనించి, సన్నని వెదురు చీలలను దిగగొట్టించాడు. అతుకు వైశాల్యం పెరిగితే భారం పంచబడుతుంది. పనిని మరునాటి వరకు కదిలించవద్దన్నాడు. పిమ్మట తక్కిన అతుకులను ఒక్కొక్కటిగా వేళ్లతో లాగి చూడమన్నాడు. మోటారు పలక బీట తీసి ఉంది. తోక మీది మడత బందు చేతికే ఊడివచ్చింది.

యువకుని ముఖం పాలిపోయింది. ఆ బందు ఆకాశంలో ఊడి ఉంటే విమానం అదుపు తప్పి గట్టు మీది పిల్లల పైకి దూసుకుపోయి ఉండేది. చక్రాలు ముందుగా ఊడడమే మేలైంది. బందుల వద్ద మాత్రం ఫెవిక్విక్కే పనికివచ్చింది. పలుచని ఆ జిగురు కర్ర పోగులలోకి ఇంకుతుంది.

భయపడిన యువకుడు ప్రతి మూలా జిగురుతో నింపబోయాడు. వృద్ధుడు వారించాడు. “బలమని బరువు పెంచకు నాయనా. కావలసిన చోటనే పెట్టు.” ఆ మాట నిజమే. ఇటువంటి విమానం రెక్క వెడల్పులో ముందంచు నుండి సుమారు నాలుగవ వంతుకు, మూడవ వంతుకు నడుమ తూగాలి. తోక వద్ద చేరిన కొద్దిపాటి బరువు కూడా ఆ తూకాన్ని వెనుకకు లాగి, విమానాన్ని అదుపునకు అందకుండా చేస్తుంది. రెక్కల కింద రెండు వేళ్లు ఆనించి చూచి, అతడు బ్యాటరీని కొంచెం ముందుకు జరిపాడు. ఇస్త్రీపెట్టె వేడితో పొరను తిరిగి సాగదీశాడు.

మరుసటి ఆదివారం పిల్లలను చాలా దూరంగా, తన వెనుక నిలబెట్టి విమానాన్ని లేపాడు. అది చూపు మేరలోనే తిరిగి వచ్చి, నేలను తాకి, తన చక్రాల మీద నిలిచింది. నాటి నుండి ఎగరవేసే ముందు ప్రతి అతుకును వేలితో తడమడం అతనికి అలవాటైంది. వేసవి ఎండకు పొర ముడతలు పడినప్పుడల్లా దానిని సరిచేసుకొనేవాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వంటి ప్రాంతాలు నీట మునిగాయి. పడవలు చేరలేని ఇళ్లకు డ్రోన్లు ఆహారపు పొట్లాలను మోసుకొనిపోయాయి. జనం ఆశగా ఆ పొట్లాల వైపు చూస్తుంటే, యువకుని చూపు డ్రోను చేతులు నడిమి భాగంతో కలిసే చోట నిలిచింది. అక్కడి అతుకును ఎవరో శ్రద్ధగా పరీక్షించి ఉంటారు. ఆ కనిపించని శ్రద్ధ మీదనే కింద ఆకలితో నిరీక్షించేవారి అన్నం ఆధారపడి ఉంది.