రెండు సీడీలు, ఒక అక్షరం

ఈఏ వాళ్ల క్రికెట్ 07 గొప్పదా, కోడ్‌మాస్టర్స్ వాళ్ల యువరాజ్ సింగ్ క్రికెట్ గొప్పదా? మా ఖాందాన్‌లో ఈ బహస్ 2007 నుంచి నడుస్తోంది. మొన్న బక్రీద్ దావత్‌లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చోగానే మళ్లీ మొదలైంది. నేను ఈఏ వైపు. మా ఖాలా కొడుకు యువరాజ్ వైపు. నాకన్నా ఆర్నెల్లు పెద్ద, అందుకే భాయ్ అంటాను. ఈ ముకాబ్లాలో నేనెన్నిసార్లు గెలిచినా భాయ్‌కి నేనొక కర్జ్ బాకీ ఉన్నాను. అదేంటో ఇవాళ రాస్తున్నాను.

మొగుళ్లపల్లి సెంటర్‌లో మా మామూకి చిన్న జిరాక్స్ దుకాణం ఉండేది. అప్పటికి మాది వరంగల్ జిల్లానే, భూపాలపల్లి జిల్లా 2016లో కదా వచ్చింది. ఒక జిరాక్స్ మిషను, ఒక అసెంబుల్డ్ కంప్యూటర్, ఒక డొక్కు ప్రింటర్. ఊళ్లో దరఖాస్తులన్నీ అక్కడే టైపయ్యేవి. భాయ్ వాళ్ల అబ్బా భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. సెలవులొస్తే భాయ్ మా దగ్గరికే వచ్చేవాడు.

ఆ మార్చిలో ఇండియా ముందు బంగ్లాదేశ్ చేతిలో, తర్వాత శ్రీలంక చేతిలో ఓడి వరల్డ్ కప్ మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చింది. టీవీ చూడ బుద్ధి కాలేదు. హన్మకొండ నుంచి నేనొక సీడీ తెచ్చాను, భాయ్ ఇంకోటి తెచ్చాడు. ఆ గమ్ కంప్యూటర్ మీద తీర్చుకున్నాం.

నా సీడీ క్రికెట్ 07. 2006 చివర్లో వచ్చింది. కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్ తయారుచేస్తే ఈఏ స్పోర్ట్స్ అమ్మింది. మామూ కంప్యూటర్‌లో కూడా హాయిగా నడిచేది. కీబోర్డు మీద నాలుగు వేళ్లు కదిలిస్తే చాలు, బంతి బౌండరీ దాటేది. రిచీ బెనో, మార్క్ నికోలస్ కామెంటరీ సగం అర్థం కాకపోయినా మాకు కంఠస్థమే. దాని ఐబ్ కూడా ఒప్పుకోవాలి. ఏ బంతికి ఏ షాట్ సిక్సర్ పోతుందో ఒకసారి పట్టు దొరికితే ఇక అడ్డు లేదు. పది ఓవర్లకి రెండొందలు కొట్టేవాణ్ని.

భాయ్ సీడీ అసలు పేరు బ్రియాన్ లారా ఇంటర్నేషనల్ క్రికెట్ 2007. మన దేశంలో యువరాజ్ పేరుతో, ఆస్ట్రేలియాలో పాంటింగ్ పేరుతో అమ్మారు. బొమ్మలు నిజం మనుషుల్లా ఉండేవి, హాక్-ఐ కూడా ఉండేది. కానీ మామూ కంప్యూటర్ దాన్ని మోయలేక ఆయాసపడేది. ఆ ఆటలో సబర్ కావాలి. బ్యాట్స్‌మన్‌కి భరోసా కుదిరేదాకా సింగిల్స్ తీస్తూ ఉండాలి. తొందరపడ్డవాడు అవుట్. నాకు ఆ సబర్ లేదు, భాయ్‌కి ఉంది.

అసలు తేడా పేర్లలో వచ్చింది. ఆటగాళ్ల పేర్లు వాడుకోవాలంటే బోర్డులకు డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఇండియా టీమ్ లైసెన్సు ఈఏ దగ్గర లేదు. అందుకే మనవాళ్లందరికీ దొంగ పేర్లే. కోడ్‌మాస్టర్స్ దగ్గర వరల్డ్ కప్ లైసెన్సు ఉంది. ఆ టోర్నీ ఆడినంతసేపు అసలు పేర్లు కనిపించేవి, మామూలు మ్యాచ్‌కి వస్తే మళ్లీ దొంగ పేర్లు. భాయ్ ఒకసారి నవ్వుతూ అన్నాడు: "పెద్దాట ఆడినంతసేపే పఠాన్‌ని పఠాన్ అంటర్రా."

ఒక రోజు మామూ నా వెనక నిలబడి స్క్రీన్ వైపు చూశాడు. "ఈ లెఫ్ట్ హ్యాండ్ బౌలర్ ఎవరు?"

"ఇర్ఫాన్ పఠాన్, మామూ."

"మరి పేరు గలత్ ఉంది?"

మామూకి స్పెల్లింగ్ తప్పు కంట్లో నలుసు లాంటిది. దానికి కారణం ఉంది. మా ఇలాఖాలో యాకూబ్ పేరు ఎంత ఎక్కువో మీకు తెలుసు. అన్నారం షరీఫ్ దర్గా బర్కత్ అది. హిందువుల ఇళ్లలో కూడా యాకయ్యలు, యాకమ్మలు ఉంటారు. ఆ ముహబ్బత్ సరే, కానీ మన యాకూబ్ కాగితాల్లోకి పోతే ఒక దాంట్లో యాకయ్య, ఇంకో దాంట్లో ఆకూబ్. ఖాజా కాస్తా కాజా. మహమ్మద్ ఒక దాంట్లో మొహమ్మద్, ఇంకో దాంట్లో ఉత్త ఎండీ. మామూ ప్రతి దరఖాస్తుకీ పాత కాగితం అడిగి, అక్షరం అక్షరం పోల్చి, గట్టిగా చదివి వినిపించాకే ప్రింట్ తీసేవాడు.

క్రికెట్ 07లో పేర్లన్నీ రోస్టర్ అనే ఫైలులో ఉంటాయి. మార్చి దాచుకోవచ్చు. మామూ పక్కన కూర్చుని ఇర్ఫాన్, జహీర్, మునాఫ్, కైఫ్, అలాగే ద్రావిడ్, టెండూల్కర్, అందరి పేర్లూ సహీ చేయించాడు. పాకిస్తాన్ టీమ్ వైపు వేలు పెట్టబోతే ఆపాడు. "దుకాణంలో వద్దు బేటా. చూసేవాళ్లు వేరేగా అనుకుంటరు." ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు.

అదే ఏడాది ముస్లింలలో వెనకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. సర్టిఫికెట్ల కోసం దుకాణం ముందు లైన్. భాయ్ అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. రంజాన్‌లో ఒక రోజు తన దరఖాస్తు టైప్ చేయించుకోవడానికి వచ్చాడు. మామూ అసర్ నమాజ్‌కి మస్జిద్‌కి పోతూ "నువ్వు కొట్టు, మెమో చూసి కొట్టు" అని నాకు చెప్పి వెళ్లాడు.

అప్పుడు నా ఆటలో ఆఖరి ఓవర్. తొమ్మిది పరుగులు కావాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆట ఆపి, భాయ్ దరఖాస్తు రెండు నిమిషాల్లో కొట్టేసి, ప్రింట్ తీసి ఇచ్చాను. మెమో చూడలేదు. గట్టిగా చదవలేదు. భాయ్ కూడా చూడకుండా సంతకం పెట్టాడు. తమ్ముడు కొట్టాడు కదా అని భరోసా.

తర్వాత కొన్ని రోజులకే, సెప్టెంబర్ 24న, జోహన్నెస్‌బర్గ్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్. ఇండియా బ్యాటింగ్ మధ్యలో మగ్రిబ్ అజాన్ వినిపించింది, ఖర్జూరంతో రోజా విప్పాం. తరావీకి పోవాల్సిన కుర్రాళ్లం సగం మంది టీవీ ముందే. నాలుగు ఓవర్లు, 16 పరుగులు, మూడు వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఇర్ఫాన్ పఠాన్. స్క్రీన్ మీద ఆ పేరు ఒక్క అక్షరం తప్పు లేకుండా కనబడింది. తరావీ నుంచి వచ్చిన మామూ తిట్టబోయి, ఆ పేరు చూసి నవ్వేశాడు.

మరుసటి ఏడాది కౌన్సెలింగ్‌లో భాయ్ సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూశారు. మెమోలో ఒక పేరు, బీసీ-ఇ సర్టిఫికెట్‌లో ఒక అక్షరం తక్కువ. సరిచేసుకుని రమ్మన్నారు. సరిచేసేసరికి సీట్లు అయిపోయాయి. మామూలు కోటాలో ఫీజు కట్టే స్థోమత ఖాలూకి లేదు. భాయ్ ఇంజనీరింగ్ మానేసి డిగ్రీలో చేరాడు. ఇప్పుడు పరకాలలో మొబైల్ షాపు. బాగానే ఉన్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. కానీ అది వేరే జిందగీ.

ఇంట్లో అందరూ అడిగితే మామూ "నా కళ్లజోడు పాతదైంది, నేనే తప్పు కొట్టిన" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. 2019 చివర్లో సీఏఏ, ఎన్నార్సీ మాటలతో మనవాళ్లు పాత కాగితాలు బయటికి తీసి స్పెల్లింగులు చూసుకుంటుంటే, మామూ దుకాణంలో అర్ధరాత్రి దాకా లైట్ వెలిగేది. అప్పుడూ చెప్పలేదు. మామూ ఇప్పుడు లేడు. అల్లాహ్ ఆయన మగ్ఫిరత్ చేయాలి.

క్రికెట్ 07 తర్వాత ఈఏ కంప్యూటర్ మీదికి మరో క్రికెట్ ఆట తీయలేదు. అయినా అది చావలేదు. ఏటా కుర్రాళ్లు కొత్త జట్లు, కొత్త పేర్లు, కొత్త జెర్సీలు చేసి అందులో ఎక్కిస్తూ బతికించారు. లైసెన్సు ఉన్న ఆట ఆ వరల్డ్ కప్‌తో పాతబడిపోయింది. బహస్‌లో నా దలీల్ ఎప్పుడూ ఇదే. భాయ్ జవాబూ ఎప్పుడూ ఒకటే: "తొందరపడితే అవుటయ్యే ఆటే నిజమైన ఆట."

మొన్న ఆ మాట గుచ్చుకుంది. చేతులు కడుక్కునేటప్పుడు చెప్పేశాను. ఆ దరఖాస్తు కొట్టింది నేనే, మామూ కాదు అని.

భాయ్ టవల్ అందించాడు. "తెలుసు. మామూ తప్పు కొట్టడు."

ఇంకేం మాట్లాడలేదు. లోపల భాయ్ కొడుకు ఫోన్‌లో వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్ ఆడుతున్నాడు. అందులో కూడా పేర్లు మనమే మార్చుకోవచ్చు. సిరాజ్ పేరు సరిచేసి, కింద ఇంకో పేరు కొడుతూ తలెత్తాడు.

"చాచా, అబ్బాని టీమ్‌ల పెడుతున్నా. స్పెల్లింగ్ చెప్పు."

నేను కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నాను. అక్షరం అక్షరం గట్టిగా చదివాను.