ఇస్లాహ్ చేసే యంత్రం

ఉర్దూలో ఇస్లాహ్ అని ఒక మంచి మాట ఉంది. షాగిర్ద్ రాసిందాన్ని ఉస్తాద్ చూసి దిద్దిపెట్టడం. 19వ శతాబ్దం చివర దాగ్ దెహల్వీ మన హైదరాబాద్‌లో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఉస్తాద్‌గా ఉండేవాడు. ఆ రోజుల్లో ఎక్కడో పంజాబ్ నుంచి ఇక్బాల్ అనే నౌజవాన్ తన గజళ్లను డాక్‌లో పంపి ఆయనతో ఇస్లాహ్ చేయించుకున్నాడు. కొన్నాళ్లకే దాగ్, ఇక నీ కలామ్‌లో దిద్దాల్సింది పెద్దగా లేదని చెప్పేశాడట. దిద్దడం తెలిసినవాడికి ఎక్కడ ఆపాలో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు పిల్లల రాతలు దిద్దే పని మెల్లగా ఏఐ చేతికి పోతోంది. మా చెల్లె బిడ్డ తొమ్మిదో తరగతి. 'మా ఇంట్లో రంజాన్' అని తెలుగులో వ్యాసం రాసింది. టీచరమ్మ దాన్ని ఫోన్లో ఫోటో తీసి ఏఐకి ఇచ్చి, అది ఇచ్చిన మార్కులూ సలహాలూ పిల్లకు పంపింది. పదికి ఆరు. వత్తులు, దీర్ఘాల తప్పులు బాగానే పట్టింది, దానికి పేరు పెట్టలేం. కానీ 'దాదీ'ని 'నాయనమ్మ' చేసింది. 'దస్తర్‌ఖాన్'ని 'భోజన వస్త్రం' చేసింది. 'నమాజు' 'ప్రార్థన' అయింది. కింద ఒక నసీహత్: అన్యభాషా పదాలు తగ్గిస్తే శైలి మెరుగుపడుతుంది.

తమాషా ఏంటంటే, అదే వ్యాసంలో ఉన్న ఖర్చు, బజారు, తయారు అనే మాటల్ని అది ముట్టుకోలేదు. అవీ ఉర్దూ, ఫారసీల దారిన వచ్చినవే. కచేరీల మీదుగా, బజార్ల మీదుగా వచ్చిన మాటలు పుస్తకాలెక్కి తెలుగైపోయాయి. మన బావర్చీఖానాలో, అమ్మీ నోట్లో ఉన్న మాటలు పుస్తకాలెక్కలేదు గనక పరాయివిగానే మిగిలాయి. యంత్రానికి మన మీద దుష్మనీ ఏం లేదు. తాను చదివిన రాతల్లో ఏది ఎక్కువ కనిపిస్తే దానివైపే అది మొగ్గుతుంది. ఇంటర్నెట్‌లో తెలుగే తక్కువ. అందులో మన ఇళ్ల తెలుగు ఎంత?

టీచరమ్మ మీద నాకు గుస్సా లేదు. సెక్షన్‌కు యాభై మంది, అలాంటివి నాలుగు సెక్షన్లు. రాత్రి పదకొండు దాకా ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోమని ఏ ముఖంతో అడుగుతాం? నాకు ఫికర్ ఎక్కడంటే, ఆ తర్వాతి వ్యాసంలో పిల్ల తనంతట తానే 'నాయనమ్మ' అని రాసింది. ఎందుకు బేటా అంటే, "మార్కులు పోతాయి మామూ" అంది. పద్నాలుగేళ్ల పిల్ల, రాసేముందే దాదీని కాగితం మీంచి తీసేయడం నేర్చుకుంది.

నేను ఉర్దూ మీడియం నుంచి వచ్చి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. ఒకసారి నా వ్యాసంలో 'చెహెల్లుం' అని రాస్తే మా లెక్చరర్ దాన్ని కొట్టేయలేదు. పక్కన పెన్సిల్‌తో, "ఇది ఎప్పుడు చేస్తారు? ఒక వాక్యం చేర్చు" అని రాశారు. తెలియనివాళ్ల కోసం నలభయ్యో రోజు గురించి ఒక వాక్యం చేర్చాను. మాట నిలిచింది, వ్యాసమూ బాగుపడింది. ఆయనకు ఆ మాట తెలియదు, అందుకే అడిగారు. మా పిల్ల వ్యాసంలో యంత్రం ఒక్క సవాల్ కూడా అడగలేదు, నేరుగా మార్చేసింది.

కాబట్టి అమ్మీ అబ్బాలకు నా గుజారిష్. యంత్రం వత్తులు చూస్తే చూడనివ్వండి. మార్కులు మాత్రం మనిషే చదివి వేయాలని స్కూల్లో మర్యాదగా అడగండి. దిద్దిన కాగితం కంటే ముందు పిల్ల రాసిన అసలు కాగితం చదవండి. మార్చిన ప్రతి మాట దగ్గరా "నీ మాట ఎందుకు పెట్టావు?" అని అడగండి. పిల్ల దగ్గర జవాబు ఉంటే, ఆ మాటను అలాగే ఉండనివ్వండి.