ఈ వేసవిలో నారాయణరావుతో

మా ఇంట్లో వేసవి చదువు ఆదివారం నుంచి శుక్రవారం వరకే. శనివారం పుస్తకం ముట్టుకోవడం కుదరదు. వాడపల్లి వెంకన్నబాబు గుడికి నాలుగడుగుల్లో ఇల్లు పెట్టుకున్నాక ఏడు శనివారాల మొక్కున్న చుట్టాలు ఎంతమంది తేలతారో మీరే ఊహించుకోండి. ఏడు ప్రదక్షిణలూ పూర్తిచేసుకుని, మొహాలు కందగడ్డల్లా చేసుకుని "వదినా, కాసిని మంచినీళ్ళు" అంటూ గుమ్మంలోకి వస్తారు. మంచినీళ్ళతో మొదలైంది పప్పు, కొత్తావకాయ, గడ్డపెరుగు దాకా నడుస్తుంది. సంతోషమే, కాదనను. కానీ శుక్రవారం రాత్రి నవల మంచి పట్టులో ఆగిందంటే ఆదివారం మధ్యాహ్నం దాకా ప్రాణం అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది.

ఏటా ఆవకాయ కాయలకి చెప్పేటప్పుడే ఆ వేసవికి చదవాల్సిన పుస్తకాలు కూడా బీరువాలోంచి తీసి పక్కన పెట్టుకుంటాను. బి.ఏ. తెలుగు చదివినందుకు నాకు మిగిలిన అలవాటు ఇదొక్కటే. ఈ ఏడు నాలుగు తీశాను.

అందులో 'వేయిపడగలు' ప్రతి ఏడూ ఉంటుంది, ప్రతి ఏడూ సగంలో మిగిలిపోతుంది. విశ్వనాథవారు అంత పుస్తకాన్నీ 29 రోజుల్లో చెప్పి రాయించారంటారు. నాకు చదవడానికి 29 వేసవులు పట్టేలా ఉంది.

కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. ఒక ముసలాయన, తప్పిపోయిన పంది, చుట్టూ అడవి, ఒక రాత్రి. చెప్పుకుంటే కథ అంతే. మేడమీద గుమ్మడి వడియాలకి కాపలా కూర్చుని మొదలుపెట్టాను. ఓ పక్క కాకులు వడియాలు చెల్లాచెదురు చేసేసినా తల ఎత్తలేదు. ఆ ముసలాయన కాపలా ముందు నా కాపలా ఏపాటిది!

వాసిరెడ్డి సీతాదేవిగారి 'మట్టిమనిషి' ఇది రెండోసారి. పెళ్ళికి ముందు చదివినప్పుడు వరూధిని మీద ఒళ్ళు మండిపోయింది, మామగారు కష్టపడి కూడబెట్టిందంతా పట్నంలో ఊడ్చిపెట్టేసిందని. ఈసారి సాంబయ్య మీదా మండింది. పంతానికీ పరువుకీ పెద్దింటి పిల్లని కోడలిగా తెచ్చుకుని, ఆ పిల్ల తనలాగే మట్టి పట్టుకుని బతకాలనుకోవడమేమిటి? అత్తారింట్లో 25 ఏళ్ళు గడిచాక నవలలో కోడళ్ళ మీద కోపం కాస్త తగ్గుతుందేమో. మీకూ అలాగే ఉంటుందా?

అసలు చెప్పాలనుకున్నది నాలుగోదాని గురించి. అడవి బాపిరాజుగారి 'నారాయణరావు'. 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు వాళ్ళు పెట్టిన పోటీలో 'వేయిపడగలు'తో పాటు బహుమతి పంచుకున్న నవల. నాకు మాత్రం ఆ బహుమతి కంటే పెద్ద విషయం, హీరోది కొత్తపేట. మన కొత్తపేటే! బట్టలకీ బ్యాంకు పనికీ మేము వెళ్ళే కొత్తపేటే. 19 ఏళ్ళప్పుడు కాలేజీ లైబ్రరీలో తీసుకుని చదివాను. ఆ తర్వాత చాలా రోజులు కొత్తపేట బస్టాండులో పొడుగ్గా ఎవరు దిగినా ఓసారి తలతిప్పి చూసేదాన్ని. నాకు దొరికినాయన పొడుగూ కాదు, కవిత్వమూ రాదు. కొబ్బరికాయల లెక్క మాత్రం తప్పరు.

ఈసారి ఆ పుస్తకం పైకి చదవాల్సివచ్చింది. మా అత్తయ్యగారికి ఏప్రిల్లో శుక్లాల ఆపరేషన్ అయింది. నెల్లాళ్ళు పుస్తకం, టీవీ, పొయ్యి దగ్గరి సెగ ఏవీ వద్దన్నారు. భూతద్దం పెట్టుకుని వారపత్రికల సీరియళ్ళు చదివే మనిషి, ఊరికే ఎన్నాళ్ళు పడుకుంటారు? మూడోరోజే "అమ్మాయ్, ఆ చదివేదేదో కాస్త గట్టిగా చదువు" అన్నారు. ఒకప్పుడు నేను పుస్తకం పట్టుకుంటే "అన్నం ఆ పుస్తకంలో ఉడుకుతుందేంటే" అన్న మనిషి కూడా ఆవిడే. నేనేమీ గుర్తు చెయ్యలేదు లెండి.

నారాయణరావు లా చదువుతాడు, ఆటలాడతాడు, కళలు తెలుసు, గాంధీగారి మాట మీద నడుస్తాడు. అందగాడు కూడానూ. పాతిక పేజీలు విన్నాక అత్తయ్యగారు "ఇంత మంచోడు మన కొత్తపేటలో ఎప్పుడుండేవోడే?" అన్నారు. నాకూ ఈసారి అదే అనిపించింది. 19 ఏళ్ళప్పుడు ఆ మంచితనమే నచ్చింది. ఇప్పుడు ఒక్క తప్పు కూడా చెయ్యని మొగుడితో ఆ శారద ఎలా వేగిందో అనుకున్నాను. కానీ బాపిరాజుగారు బొమ్మలు వేసే మనిషి కదా, ఇంటినీ ఊరినీ మనుషుల ముస్తాబునీ రాస్తుంటే కళ్ళకి గంతలు కట్టుకున్న అత్తయ్యగారికి కూడా కనబడిపోయింది.

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి. అంతకు మూడు వారాల ముందు మావారు రావులపాలెంలో ఒక పెళ్ళికి వెళ్ళి, అక్కడ భోజనాల బంతిలో ఒక కుర్రాడిని చూసి వచ్చారు. బెంగళూరులో ఉద్యోగం, తెలిసిన కుటుంబం, రెండెకరాల కొబ్బరితోట. "మాట ఇచ్చేసినట్టే అనుకో" అన్నారు. మా అమ్మాయికి 24. హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. "పిల్లకి చెప్పొద్దా?" అన్నాను. "వచ్చాక చూస్తుందిగా, చూశాక చెబుతుంది" అన్నారు. నేనింకేం అనలేదు. నిజం చెప్పాలంటే సంబంధం నాకూ నచ్చింది. రాత్రి పడుకుని నా నగల్లో ఏవి మార్పించాలో లెక్కలు కూడా వేసుకున్నాను. రోజూ ఫోనులో "తిన్నావా, ఎండలో తిరక్కు" అంటూనే ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

నవల మొదట్లో జమీందారుగారు రైల్లో నారాయణరావుని చూస్తారు. చూసీ చూడగానే ఇతనే మా శారదకి మొగుడు అనుకుంటారు. ఆ ఘట్టం నాకు ఒకప్పుడు ఎంత ఇష్టమో! పైకి చదువుతూ ఉంటే గొంతు నాదే అయినా మాటలు మావారివిలా వినబడ్డాయి. ఆపేశాను.

అత్తయ్యగారు కాసేపు ఊరుకుని, "మరా పిల్లనెవరూ అడగలేదేంటే?" అన్నారు.

"ఆ రోజులు అలాంటివి కదండీ" అన్నాను.

"నన్నూ అడగలేదు" అన్నారు. ఆవిడ పెళ్ళినాటికి 15 ఏళ్ళట. చూపులకి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తలొంచుకుని ఒక్కసారి కళ్ళెత్తి చూసి, మధ్యలో కూర్చున్నాయనే పెళ్ళికొడుకనుకున్నారు. ఆయన బావగారని పెళ్ళిపీటల మీద తెలిసింది. నవ్వుతూనే చెప్పారు. "మీ మావయ్య మంచోరే. ఒక్కమాట పడనివ్వలేదు నన్ను. కానీ ఎవరో ఒకరు అడిగితే బాగుండేదని మాత్రం అనిపించేదే."

నేను ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ వినలేదు.

ఆ రాత్రి మావారికి అన్నం వడ్డిస్తూ ముందు పిల్లనడుగుదాం అన్నాను. "నవలలు చదివితే ఇలాగే ఉంటుంది" అన్నారాయన. మంచం మీంచి అత్తయ్యగారు "ఒరే, ఆ నవల నేనూ విన్నాను" అన్నారు. ఆయన పెరుగు వేసుకోకుండా లేచిపోయారు.

పెరట్లోకి వెళ్ళి అమ్మాయికి ఫోన్ చేశాను. అంతా విని, చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అమ్మా, పిన్ని నాకు ఎప్పుడో చెప్పింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాను" అంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. నారాయణరావు సంగతి చెబితే నవ్వుతుందనుకుని చెప్పాను. నవ్వలేదు. "శారద ఏం చేసింది మరి?" అంది.

దాని చదువంతా ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదివితే పేజీకి అరగంట. ఆ లావుపాటి పుస్తకం పంపితే అటక మీదకే వెళుతుంది. అందుకని నేను చదివేది ఫోనులో రికార్డు చేసి పంపుతున్నాను. మధ్యమధ్యలో కుక్కరు కూతలు, గుడి మైకు, అత్తయ్యగారి వ్యాఖ్యానం. శారదకి మొగుడు ముందు నచ్చడు, నచ్చడానికి చాలా పేజీలు పడుతుంది. అక్కడ నాకు బాపిరాజుగారి మీద గౌరవం పెరిగింది, పెళ్ళి కాగానే కళ్ళు మూసుకుని కాళ్ళకి మొక్కించలేదు. అత్తయ్యగారు మాత్రం "నచ్చకపోతే నచ్చలేదని ఎవరికి చెబుతుందే పాపం" అని ప్రతి భాగానికీ అంటారు. అమ్మాయి ఆ మాటలే మళ్ళీ మళ్ళీ వింటోందట.

ఆ కుర్రాడితో తనే ఫోనులో మాట్లాడతానంది, అవునో కాదో తర్వాత చెబుతానంది. మావారు రెండురోజులు నాతో ముక్తసరిగా ఉన్నారు. మూడోరోజు నంబరు తెచ్చి, నా చేతికివ్వకుండా ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళారు.

పుస్తకం ఇంకా వంద పేజీలుంది. దీని తర్వాత 'సెక్రటరీ' చదవమంటున్నారు అత్తయ్యగారు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు బియ్యం డబ్బాలో దాచుకుని చదివారట. ఆ రాజశేఖరం జయంతిని ఎంత ఏడిపించినా, అన్నీ మంచే చేసే ఈ నారాయణరావు కంటే నయమంటారు. నేనింకా ఒప్పుకోలేదు.