మా యింటి నిద్ర

మాకు నిద్ర పట్టుట మాని యెనిమిది మాసములైనదని యొకప్పుడు కనబడిన వారికెల్ల చెప్పుకొనుచుంటిమి. ఆ చెప్పుకొనుటలో నొక విధమైన గొప్పయు లేకపోలేదు. నిద్ర పట్టనివాడు ఆలోచనాపరుడనియు, పడుకొన్న వెంటనే గుఱ్ఱు పెట్టువాడు మందమతియనియు లోకమున నొక భ్రమ కలదు గదా! ఇంటివారు రాత్రి తొమ్మిది గంటలకే మా గది తలుపు దగ్గరగా వేసి, టెలివిజను చప్పుడు తగ్గించి, పిల్లలను కసరి, మా నిద్రకు కాపలా కాచెడివారు. మేము తొమ్మిదిన్నరకు పడుకొని, దీపమార్పి, కన్నులు మూసికొని, నిద్ర వచ్చుచున్నదా లేదా యని కనిపెట్టుకొని యుందుము. పదకొండగును, పన్నెండగును. ఆ నడుమ వంటయింటిలో గిన్నెల చప్పుడు, నడవలో నెవరివో యడుగుల చప్పుడు. ఈ యింటిలో మనిషిని నిద్రపోనీయరు గదా యని విసుగుకొని ఆవలి ప్రక్కకు తిరుగుదుము.

నిద్ర పట్టనివానికి వైద్యము చెప్పనివా రుండరు. పాలలో జాజికాయ యరగదీసి త్రాగుమని యొకరు, గసగసాల పాయసము తినుమని యొకరు, పడుకొనుటకు ముందు వేయి నుండి వెనుకకు లెక్కపెట్టుమని యొకరు. జాజికాయ మితి మీరినచో విషమగును గనుక దానిని రెండు దినములలోనే మానితిమి. పాయసము రుచిగా నున్నది. అంతకుమించి చేసినది కనబడలేదు. లెక్క మాత్రము మూడు వందల వరకు వచ్చి, అక్కడినుండి ఇంటి యప్పు వాయిదాల లెక్కలోనికి దిగెడిది.

మా తల్లి మాత్రము అరికాళ్లకు వెచ్చని నూనె రాసుకొమ్మనెను. మేము నవ్వితిమి. ఆ నవ్వు తొందరపాటని తరువాత తెలిసినది. నిద్ర వచ్చునపుడు శరీరము లోపలి వేడి కొంత తగ్గవలెను. చేతులయొక్కయు కాళ్లయొక్కయు రక్తనాళములు విప్పారి ఆ వేడిని వెలికి పంపును. పాదములు చల్లగా నున్నవానికంటె వెచ్చగా నున్నవానికి నిద్ర త్వరగా వచ్చునని శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పినారు. పడుకొనుటకు గంట రెండు గంటల ముందు వేడినీళ్ల స్నానము చేయుటవలని లాభమునకును ఇదియే కారణము.

కాఫీ సంగతియు నిట్టిదే. మేల్కొని యున్నంతసేపు మెదడులో అడెనొసిన్ అను పదార్థము కూడుకొనుచుండును. అది పెరిగినకొలది మత్తు హెచ్చును. కాఫీలోని కెఫీన్ ఆ పదార్థము తగులవలసిన చోటులను ముందుగా తానాక్రమించును. త్రాగినదానిలో సగము శరీరమును విడుచుటకు సుమారు 5 గంటలు పట్టును. కావున సాయంకాలము ఆరింటికి త్రాగిన లోటాలో సగము రాత్రి పదకొండింటికిని మనలోనే యుండును. నిద్ర లేక పగలు తూగుచున్నామని సాయంకాలము రెండవ లోటా త్రాగుట, అది త్రాగినందున రాత్రి నిద్ర లేకపోవుట: మేమీ చక్రమున చాలకాలము తిరిగితిమి.

మాత్రలును మ్రింగితిమి. 1903లో జర్మనీ దేశపు పండితులు వెరొనాల్ అను నిద్రమందును వెలువరించిన నాటినుండి మనుష్యుడు నిద్రను కొనవచ్చుననుకొనుచునే యున్నాడు. 1960 నుండి వచ్చిన మాత్రలు వెనుకటివానికంటె అపాయము తక్కువైనవే. కాని వీనికిని శరీర మలవాటుపడును, మోతాదు చాలదనిపించును, హఠాత్తుగా మానినచో నిద్రలేమి వెనుకటికంటె ముదురును. కొలది దినముల యాపదకు వైద్యుడిచ్చినచో మంచిదే. మేము మాత్రము మూడు నెలలు మ్రింగి, ఒకనాడు మాత్రలు నిండుకొన్నవని తెలిసి రాత్రి పదింటికి మందుల దుకాణమునకు పరుగెత్తుచు, మార్గమధ్యమున మా యవస్థకు మేమే సిగ్గుపడితిమి.

మహాభారతమున ధృతరాష్ట్రుని నిద్రలేమి యొక ఉపపర్వమునకే పేరైనది, దానిని ప్రజాగరమందురు. పాండవులయొద్దనుండి తిరిగివచ్చిన సంజయుడు వారి మాటను రేపు సభలో చెప్పెదనని వెడలిపోగా, రాజునకు నిద్ర పట్టక విదురుని పిలిపించెను. విదురుడు జాజికాయ చెప్పలేదు. ఎట్టివారికి నిద్ర పట్టదో యెన్ని చెప్పి, పరుల సొత్తు మీద ఆశపడి పరితపించుట లేదు గదా యని యడిగెను. ఈ ప్రశ్న మాకు చిన్ననాటినుండి తెలిసినదే. ఇది మాకును తగులునని మాత్ర మనుకొనలేదు.

తుదకు మా వైద్యుడు మాత్రలు క్రమముగా తగ్గించి వేరొక పద్ధతి చెప్పెను. నిద్రపట్టని వ్యాధి దీర్ఘమైనచో మందులకంటె ముందుగా నీ పద్ధతినే యవలంబింపవలెనని అమెరికా వైద్యుల కళాశాల 2016లో సిఫారసు చేసినది. దీనిలో ముఖ్యమైన యంగములు రెండు. మొదటిది రిచర్డు బూట్జిన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1972లో చెప్పినది: పక్క నిద్రకే గాని చింతకును, చదువుటకును, సెల్‌ఫోను చూచుటకును గాదు, పడుకొని సుమారు ఇరువది నిమిషములైనను నిద్ర రానిచో లేచి వేరొక గదిలో కూర్చుండి, మత్తు వచ్చిన పిమ్మటనే మరల పక్క చేరవలెను, గడియారము చూడరాదు. నెలల తరబడి పక్కమీద మేల్కొని యుండుటచే, పక్కను చూచుటయే మేల్కొనుటకు సంజ్ఞ యగుచున్నదట! కుర్చీలో తూగుచున్న మాకు పక్క మీదికి పోగానే కన్నులు తెరచుకొనుటకు కారణ మిదియే.

రెండవది ఆర్థర్ స్పీల్మన్ 1987లో ప్రకటించినది. ఇది వినుటకే విపరీతముగా నుండును. నిద్ర చాలనివాడు పక్కమీద తక్కువసేపు గడుపవలెనట! రెండు వారములు చిట్టా వ్రాసితిమి. పక్కమీద నుండునది 9 గంటలు, నిద్రించునది అయిదున్నర. ఎనిమిది మాసములుగా నిద్ర లేదనుట అబద్ధమని మా వ్రాతయే చెప్పినది. నిద్రపట్టనివారు తాము నిద్రించిన కాలమును తక్కువగా తలచుట సాధారణమని వైద్యుడు నవ్వెను. ఇక మీదట అర్ధరాత్రికి గాని పడుకొనరాదు, అయిదున్నరకు మించి లేవకుండరాదు, పగలు కునుకరాదు. పక్కమీది కాలములో నూటికి 85 పాళ్లు నిద్రయైన వారము వెంబడి 15 నిమిషములు పెంచుకొనవచ్చును. ఇదియే విధి. మూర్ఛవ్యాధి గలవారును, మనోవ్యాధులకు చికిత్స పొందువారును, బండ్లు నడిపి జీవించువారును వైద్యుని యడుగకుండ దీనిని చేయరాదు. గుఱ్ఱు నడుమ ఊపిరి యాగువారికి నిద్రలేమి వేరు కారణమువలన వచ్చును. వారికి వేరు చికిత్స కలదు.

మొదటి వారము నరకము. కాని మేము చెప్పదలచినది మా బాధ గాదు. రాత్రి తొమ్మిదిన్నర మొదలు పన్నెండు వరకు ఇంటిలో మేల్కొని కూర్చుండుట మాకదియే మొదటిసారి. పడకకుర్చీలో పుస్తకము పట్టుకొని కూర్చుండగా మా యింటి రాత్రి యెట్లుండునో తెలిసినది. మా గృహిణి పగలు మావలెనే ఆఫీసుకు పోయి వచ్చును. రాత్రి భోజనములైన పిమ్మట వంటయిల్లు సర్ది, మరునాటి డబ్బాలకు కూరలు తరిగి, నానిన పప్పు గ్రైండరులో వేసి, పిల్లల దుస్తులు ఇస్త్రీ చేసి, మా తల్లి మోకాళ్లకు మందు రాసి, పదకొండుముప్పావుకు పక్క చేరెను. రెండు గంటల వేళ మా తల్లి పిలిచినచో లేచును. నాలుగున్నరకు కుళాయి వచ్చును, నీళ్లు పట్టవలెను. మేము వ్రతమువలె అయిదున్నరకు లేచి బయటికి వచ్చుసరికి బిందెలు నిండి, పాలు కాగి యున్నవి.

మేము వ్రేళ్లమీద లెక్కపెట్టితిమి. వైద్యుడు మాకు కఠినచికిత్సగా విధించినది అయిదున్నర గంటలు. అందుకుగాను మేము వారము దినములు ఇల్లంతయు సానుభూతి యాశించుచు మూలిగితిమి. ఆమె కున్నది అయిదు గంటలైనను కాదు, అదియు ముక్కలు. అది యెవరును విధింపలేదు, ఎవరును చిట్టా వ్రాయలేదు. ఎన్ని యేండ్లనుండి యని యడిగితిమి.

"పెద్దవాడు బడికి పోవడం మొదలుపెట్టినప్పటినుంచీ అనుకుంటాను. ఎందుకండీ?"

"మరి నీకు నిద్ర పట్టకపోవుట లేదా?"

"పట్టకపోవడమేమిటండీ! తల ఆనిస్తే చాలు. వ్యవధే ఉండదు."

మేము విసుగుకొనిన గిన్నెల చప్పుడును, అడుగుల చప్పుడును ఇవి. మా నిశ్శబ్దమునకై ఆమె యింకను మెల్లగా, ఇంకను ఆలస్యముగా పనిచేయుచుండెనని పెద్దవాడు చెప్పెను. నాన్నకు మెలకువ వచ్చునని గ్రైండరును మేము గాఢనిద్రలో నున్నా మనుకొనిన పిమ్మట వేసెడిదట. మేము మేల్కొనియే యుంటిమి గదా!

నిద్రకు తావుండియు పట్టకపోవుట వ్యాధి. పట్టునదే గాని తావు లేకపోవుట వ్యాధి గాదు, ఇంటి యేర్పాటు. మొదటిదానికి బూట్జిన్ కలడు, స్పీల్మన్ కలడు. రెండవదానికి పుస్తకములలో వైద్యము వెదకుట వ్యర్థము. 2019లో మన ప్రభుత్వము చేసిన కాలవినియోగపు సర్వేలో, జీతములేని యింటిపని చేయు స్త్రీలు అందుకు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలినది. అప్పుడీ యంకెలను పత్రికలో చదివి, దేశమున స్త్రీల స్థితి శోచనీయమని మిత్రులతో ననియుంటిమి. దేశమనగా మా వంటయిల్లును నందులో నున్నదని తోచలేదు.

మన స్త్రీల పాటలలో 'ఊర్మిళాదేవి నిద్ర' యొకటి కలదు. లక్ష్మణుడు అడవిలో మేల్కొని యున్న పదునాలుగేండ్లును ఊర్మిళ నిద్రించుట అందలి కథ. మా తల్లికి ఆ పాట వచ్చును. అది విరహగీతమని మేమింతకాల మనుకొంటిమి. తెల్లవారుజామున తిరుగలి కడ కూర్చుండిన వారికి, ఎవరును లేపని పదునాలుగేండ్ల నిద్ర వేరు విధముగా వినబడియుండునేమో! ఈ మాట మా తల్లితో ననగా, ఆమె యేమియు ననక మోకాళ్లు నిమురుకొనెను.

ఏర్పాట్లు మార్చితిమి. పప్పు రుబ్బుట సాయంకాలము, అదియు మా పని. ఇస్త్రీ పెద్దవాడు చేసికొనును. మొదట రెండు చొక్కాలు కాల్చినాడు. రాత్రి మా తల్లి పిలిచినచో ఒకనాడు మేము, ఒకనాడామె. కుళాయి మాది, అందుకై లేచు వేళను నాలుగున్నరకు, పడుకొను వేళను పదకొండింటికి జరుపుకొంటిమి. దినమున కొక వేళకు లేచుటయే యన్ని నియమములకంటె ముఖ్యమని వైద్యుడు చెప్పియుండుటచే ఇందువలన మా చికిత్సకు హాని కలుగలేదు. ఏడు వారములకు మా నిద్ర ఆరుంబావు గంటలకు వచ్చినది. కొన్ని రాత్రు లిప్పటికిని పట్టదు. లేచి కుర్చీలో కూర్చుందుము. అది యిప్పుడు భయమును గొల్పదు.

ఆమె నిద్ర మాత్రము వెంటనే రాలేదు. శరీరములోని గడియారము మొండిది. 1938లో క్లైట్మన్ అను శాస్త్రజ్ఞుడు శిష్యు నొకనితో అమెరికాలోని మామత్ గుహలో 32 దినములుండి 28 గంటల దినమున కలవాటుపడ జూచెను. శిష్యుడు పడెను, గురువు పడలేదు. మా గృహిణియు పది దినములవరకు నాలుగున్నరకే లేచి, నిద్రకన్నులతో కుళాయికడకు వచ్చి, మేము బిందె తిన్నగా పెట్టితిమో లేదో చూచి, "మీరు పడుకోండి, నేను పడతాను" అనెడిది. వలదని పంపుచుంటిమి. పోయి పక్కమీద కూర్చుండెడిది.

పదకొండవ దినమున రాలేదు. బిందె సగము నిండగా లోపలి గదినుండి మా తల్లి పిలిచెను.

"కోడలింకా లేవలేదేం నాయనా? ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉందమ్మా. నిద్రపోతోంది."

కొంతసేపు మాట లేదు. తరువాత మా తల్లి మెల్లగా, "అయితే ఆ కుళాయి కాస్త సన్నగా తిప్పు. చప్పుడవుతోంది" అనెను.