కుందూ వెంట పాత గింజ

కుందూ పుట్టినచోట చూడటానికి నది ఉండదు. కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు చుట్టూ బండలగుట్టలు, వాటి మీద వాన పడితే జారే నీళ్లు, ఆ నీళ్లు కోసిన వంకలు, అంతే. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ నల్లరేగడి లోయ. వంకలన్నీ ఆ లోయలోకి దిగి దక్షిణానికి మళ్లాక ఏరన్న పేరు నిలుస్తుంది. పుస్తకాల్లో కుముద్వతి, ఊళ్లలో కుందూ. కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలిసేదాకా దాదాపు 200 కిలోమీటర్ల నడక. చాలా నెలలు ఇసుకా మడుగులే. పొంగిన ఏడు మాత్రం నంద్యాల వీధుల్లోకి వస్తుంది.

ఈ ఏటి వెంట నడవాలని నాకు అనిపించింది పాత గింజ కోసం. పంట పండించడం గురించి మన దగ్గర చాలా రాశారు. పండినదాన్ని ఏళ్లతరబడి నిలవబెట్టడం, నిలవ ఉన్నదాని రుచి తెలుసుకోవడం గురించి రాసింది తక్కువ. వాన నమ్మకం లేని సీమలో ఆ విద్య పంటకు తీసిపోయేది కాదు.

ఓర్వకల్లు దాటి లోయలోకి దిగితే ఊళ్లు కాస్త మెరకమీద, గట్టినేల మీద కనిపిస్తాయి. చుట్టూ రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందులో గింజ దాస్తే తేమ పడుతుంది. ఊరున్న గట్టినేలలో అయితే పాతర తవ్వొచ్చు. ఇంటిముందు, వీధి నడుమ, రచ్చబండ పక్కన పాతర్లు ఉండేవి. నోరు మనిషి దిగేంత ఇరుకు, లోపల కూజాలా వెడల్పు, నిలువెత్తుకు మించిన లోతు. అడుగునా అంచులకూ ఎండుగడ్డి, జొన్నసొప్ప దట్టంగా పరిచేవాళ్లు. కళ్లంలో బాగా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి, దానిమీద బండ, బండమీద మట్టి. అలికేస్తే అక్కడ పాతర ఉందని పరాయివాడికి తెలియదు.

లోపల జరిగేది సూక్ష్మమైన పని. గింజ బతికే ఉంటుంది, ఊపిరి తీస్తుంది. మూసిన గదిలో ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును గింజా, అందులోని పురుగూ కలిసి వాడేస్తాయి, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. గాలి అందక పురుగు చస్తుంది, బూజు నెమ్మదిస్తుంది. పైన కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటినా లోతున వేడి అంతగా మారదు. మందు లేదు, యంత్రం లేదు. అంచుల వెంబడి గడ్డికి తగిలిన గింజలు కొన్ని పాడవుతాయి, నడుమనున్నవి ఏళ్లు నిలుస్తాయి. ఉత్తర కర్ణాటకలో వీటిని హగేవు అంటారు. సూడాన్‌లో ఇలాంటి గోతుల్లోనే జొన్న దాస్తారు, అక్కడి పేరు మట్మూరా. ఒకే ఎండ, ఒకే గింజ, ఒకే ఉపాయం.

పాతర తీసేరోజు ఊరంతా జాగ్రత్తగా ఉండేది. బండ జరిపాక వెంటనే ఎవరూ దిగకూడదు. లోపలి చెడుగాలి బయటి గాలికన్నా బరువు, అడుగునే కూర్చుంటుంది. నోరు తెరిచిపెట్టి, తాడుకు దీపం కట్టి దింపేవాళ్లు. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. ఆరకపోతే నడుముకు తాడు కట్టుకుని ఒకరు దిగేవారు, పైనున్నవాళ్లు "ఏరా, ఉండావా? పలుకు!" అని మాటిమాటికీ అడుగుతూ ఉండేవాళ్లు. తొందరపడి దిగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. దిగింది దాదాపు ఎప్పుడూ కూలివాడే. పాతర సొంతదారు పైనే నిలబడేవాడు. ఈ మాట చెప్పకుండా పాతర గొప్పతనం చెప్పడం న్యాయం కాదు.

బయటికి వచ్చిన జొన్నకు ఒక వాసన ఉండేది. ముక్కవాసన అంటారు. కొత్తవాళ్లకు ముక్కు ముడుచుకుంటుంది. దానికి అలవాటుపడిన పెద్దవాళ్లు మాత్రం పాతర జొన్నరొట్టె, గురెల్లకారం ఉంటే ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. భయంతో మొదలైన అలవాటు నాలుకకు ఇష్టంగా మారడం ఇక్కడే జరిగిందని నాకు అనిపిస్తుంది.

పోర్చుగల్‌లో డోరో నది వెంట సరిగ్గా ఇలాగే జరిగింది. ఎగువన వేడి లోయ, రాతిమెట్ల మీద ద్రాక్షతోటలు. రసం పులుస్తుండగానే ద్రాక్షసారా కలిపితే పులియడం ఆగిపోతుంది, తీపి మిగులుతుంది, సారాయం 20 శాతం దాకా చేరుతుంది. ఇంగ్లండుకు ఓడలో పోయేదాకా సరుకు చెడకుండా ఉండాలని సారా కలపడం మొదలైందంటారు. అదే తర్వాత పోర్ట్ వైన్ రుచి అయింది. పీపాలను రబేలో పడవల్లో కిందికి, సముద్రపు చల్లగాలి తగిలే గయా పట్నానికి తెచ్చేవాళ్లు. ఏ తోటలో పండితే పోర్ట్ అనిపించుకోవాలో 1756లోనే హద్దులు గీశారు. బాగా పండిన ఏళ్లను మాత్రమే ప్రకటిస్తారు. ఆ ఏటి వైన్‌ను రెండేళ్ల పాటు చెక్కపీపాల్లో ఉంచి, వడగట్టకుండా సీసాలో పోసి, బిరడా తడిగా ఉండేట్టు పడుకోబెట్టి, చీకటి నేలమాళిగలో ఇరవై, ముప్ఫై ఏళ్లు వదిలేస్తారు. 1963, 1977, 1994 అని సీసా మీద ఏడు రాసి ఉంటుంది. తాగేవాళ్లు ముందు ఆ ఏడు చూస్తారు, అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా వేరే పాత్రలోకి వంచుకుంటారు.

మన దగ్గర గింజకు ఏడు రాయలేదు. కానీ ఏడు తెలుసు. ఏ పాతర ఏ సంవత్సరపు పంటో ఆ ఇంటి ముసలమ్మకు నోటికి వచ్చేది.

కుందూకు సొంతనీళ్లు చాలవు. లోయ మధ్యకు వచ్చేసరికి దానికి తుంగభద్ర తోడవుతుంది. కర్నూలుకు ఎగువన సుంకేసుల ఆనకట్ట దగ్గర మొదలైన కర్నూలు-కడప కాలువ మిట్టకందాల దగ్గర మెరకను లోతుగా కోసుకుని కృష్ణా పరీవాహకం నుంచి పెన్నా పరీవాహకంలోకి దిగుతుంది. నిప్పులవాగు, గాలేరు, కుందూ మూడూ ఆ నీటిని మోస్తాయి. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్విన ఈ కాలువను పడవలు కూడా నడవాలని లాకులతో కట్టారు. లాభం రాక చివరికి 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. మొదట్లో రేగడి రైతులు నీళ్లు తీసుకోవడానికి వెనకాడారు, వానతేమ మీదనే జొన్న పండే నేలకు కాలువ ఎందుకని. తర్వాతి తరాలు వరికి మళ్లాయి.

అలా నంద్యాల బియ్యపు ఊరైంది. 2022లో జిల్లా కేంద్రం కూడా అయింది. ఈ ఆయకట్టులో పండే సన్నబియ్యం కర్నూలు సోనా పేరుతో హైదరాబాదు, బెంగళూరు ఇళ్లకు చేరుతుంది. దాని మూలం ఎక్కువగా బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబమసూరి. ఈ బియ్యం అసలు రుచి పాతబడితేనే. కొత్తబియ్యం వండితే ముద్ద కడుతుంది, గంజి చిక్కగా దిగుతుంది. ఆరు నెలలు ఆగితే కాస్త నయం, ఏడాది దాటితే మెతుకు మెతుకుకూ అంటదు, ఎసరు ఎక్కువ పడుతుంది, అన్నం ఒదుగుతుంది. గింజలో మాంసకృత్తుల బంధాలు కాలంతోపాటు గట్టిపడి పిండిపదార్థం బయటికి కారకుండా పట్టి ఉంచుతాయి, అందుకే ఈ మార్పు. పెళ్లికి పాతబియ్యమే కావాలని పట్టుబట్టే పెద్దలది చాదస్తం అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఎక్కడ పాతబెట్టాలన్నదీ ముఖ్యమే. వడ్లుగా ఉంచితే పొట్టే గింజకు కవచం. ఎండబెట్టి గాదెలో పోసి, కావలసినప్పుడు ఆడించుకునే ఇళ్లు ఇప్పటికీ కోవెలకుంట్ల వైపు కొన్ని ఉన్నాయి. బియ్యంగా పెడితే వేపాకు, ఎండుమిరపకాయ, కొంచెం ఆముదం పట్టించడం. తేమ తగలని గది, నేలకు తగలకుండా చెక్కబల్ల. ఇప్పుడు మిల్లుల్లో కొత్త వడ్లకు ఆవిరి పట్టి పాతబియ్యంలా ఒదిగేట్టు చేస్తున్నారు. స్టీమ్ బియ్యం అని అమ్ముతారు. ఒదుగు వస్తుంది, కానీ ఏడాది ఆగిన బియ్యం ఉడికేటప్పుడు వచ్చే కమ్మదనం నాకు అందులో దొరకదు. పాతబియ్యానికి ధర ఎక్కువ. ఆ ధరను జనం మాటమీద, నమ్మకంమీద ఇస్తున్నారు. మూటమీద ప్యాక్ చేసిన నెల ఉంటుంది, పండిన ఏడు ఉండదు. డోరో వాళ్లు సీసామీద రాసినట్టు మనం మూటమీద పంట ఏడు రాస్తే రైతుకూ, ఆగిన మిల్లుకూ, తినేవాడికీ మేలు. ఇది జరగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నంద్యాలకు దిగువన పడమటి వైపునుంచి జుర్రేరు వచ్చి కుందూలో కలుస్తుంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో ఆ వాగు ఒడ్డున నేల తవ్వితే తెల్లటి బూడిదపొర బయటపడుతుంది. సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కింద పేలినప్పుడు ఎగిరి వచ్చి పడిన బూడిద అది. ఆ పొరకు కిందా పైనా కూడా మనుషులు చెక్కిన రాతి పనిముట్లు దొరికాయని పరిశోధకులు 2007లో ప్రకటించారు. ఈ లోయ నేల ఏం దాచుకోగలదో చూడాలంటే అక్కడికి పోవాలి. ఆ బూడిదను తోమే పొడులకోసం తవ్వి అమ్ముతుండటం చూస్తే గుండె కలుక్కుమంటుంది.

కోవెలకుంట్ల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ జొన్నచేలు, పప్పుశనగ చేలు. ఇక్కడే పాతర్ల అసలు పరీక్ష జరిగింది. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1871కీ 1881కీ నడుమ కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతు తగ్గింది. కరువు చూడటానికి భారత ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని వాదించాడు. మరి పాతర్లు ఏమయ్యాయి? పాతర నింపగలిగింది భూమి ఉన్నవాడు. భూమి లేనివాడు అతని దగ్గరే పిడికెడు గింజలు అప్పు తెచ్చుకుని, పంటకు ఒకటికి ఒకటిన్నర చొప్పున తీర్చేవాడు. వరుసగా వానలు పోయినప్పుడు ఆ అప్పు కూడా పుట్టదు. రెండేళ్ల గింజ ఊరిని ఒక కరువు దాటించగలదు, మూడో ఏడు కూడా వాన ఎగ్గొడితే పాతర అడుగు కనిపిస్తుంది. పైగా అప్పటికి రైలు వచ్చింది. ధర ఎక్కడ పలికితే గింజ అక్కడికే పోయింది.

పాతర్లు పూర్తిగా పోయింది మాత్రం కరువువల్ల కాదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక పేదింటి పొయ్యిమీదికీ వరన్నం వచ్చింది. అది మంచే. ఆకలి తీరింది. జొన్నలు మాత్రం తినేవాళ్లు తగ్గి, చేలు తగ్గి, గోతులు మట్టితో పూడాయి. పాత వీధుల్లో పునాదులు తవ్వుతుంటే, భారీ వాన పడితే, అప్పుడప్పుడు నేల కుంగి పాతర నోరు బయటపడుతుంది.

చాగలమర్రి దగ్గర రాజోలి ఆనకట్ట దాటాక కుందూ కడప జిల్లాలో ప్రవేశిస్తుంది. ప్రొద్దుటూరు ప్రాంతంలో పొలాలు విశాలం. ఇక్కడ మళ్లీ కొర్ర కనిపిస్తోంది, ఆరోగ్యం పేరుతో. నంద్యాలలో 1906లో పెట్టిన వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి సూర్యనంది లాంటి కొర్ర రకాలు వచ్చాయి. గట్టి పొట్టు ఉన్నందువల్ల ఏళ్లు నిలిచే గింజ అది, పాతరకైనా డబ్బాకైనా పనికొస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ సంచులను ఇవాళ ఆఫ్రికా రైతులకు, మన రైతులకు కొత్త పరిజ్ఞానంగా పరిచయం చేస్తున్నారు. లోపల గాలి అయిపోయి పురుగు చావడమే వాటి సూత్రం. కుందూ ఒడ్డున ఎవరైనా పాత రైతును అడిగితే ఆ సంచి ఎలా పనిచేస్తుందో విప్పి చూడకుండానే చెబుతాడు.

కమలాపురం దగ్గర కుందూ పెన్నలో పడుతుంది. కాస్త దిగువన ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దగ్గర కొంత నీరు మళ్లీ కాలువలోకి మళ్లి కడప వైపు పోతుంది. మిగిలింది సోమశిల మీదుగా నెల్లూరుకు. నెల్లూరు మొలగొలుకుల పేరు ఎరగని తెలుగిల్లు లేదు. అక్కడ మిల్లు గుమ్మంలో నిలబడి బియ్యం బేరమాడేవాళ్లు ముందు అడిగేదీ అదే: ఇవి ఏ ఏటివి?